పచ్చిక కోసే యంత్రానికి పురుడు పోసిన పనివాడు – ఎడ్విన్ బడ్డింగ్

గడ్డి కోయడం మన పల్లెల్లో ఎవరికీ కొత్త పని కాదు. తెల్లవారకముందే కొడవలి, గోనెపట్టా పట్టుకొని గట్ల వెంట వెళ్ళి, పశువులకు మోపెడు గడ్డి కోసుకొని వచ్చే ఇల్లాళ్ళు సరిహద్దుకు ఇవతలా ఉన్నారు, అవతలా ఉన్నారు. మనకు గడ్డి అంటే పాడి, గడ్డి అంటే ఎరువు. కోసిన దానిలో పరకైనా వృథా పోనివ్వం. అయితే కోసిన గడ్డి కోసం కాక, కోయగా నేలమీద మిగిలిన గడ్డి అందం కోసమే కోత సాగించే దేశం ఒకటి ఉంది. ఆ దేశం ఇంగ్లండు. అక్కడ ఇంటి ముందరి పచ్చిక తివాచీ పరచినట్లు సమంగా ఉండడం గృహస్థుని మర్యాదకు గుర్తు. ఆ మర్యాద ఒకప్పుడు జమీందార్లకే దక్కేది. దానిని సామాన్యుని వాకిటి దాకా తెచ్చిన యంత్రానికి రూపమిచ్చినవాడు ఎడ్విన్ బియర్డ్ బడ్డింగ్ అనే పనివాడు. ఆయన నడిమి పేరుకు ఆంగ్లంలో గడ్డం అని అర్థం. నేలతల్లికి క్షవరం చేసే యంత్రం కనిపెట్టినవానికి ఆ పేరు ఉండడం విచిత్రమైన పొంతన.

నేడు బ్రిటన్‌లోను, అమెరికాలోను పాత కాలపు విద్యుత్ గడ్డికోత యంత్రాలను వెదకి తెచ్చి, బాగు చేసి, మళ్ళీ తమ పచ్చికల మీద నడిపే అభిరుచిపరులు ఉన్నారు. వారు ఏ యంత్రాన్ని విప్పి చూచినా లోపల కనిపించేది ఒక విధంగా బడ్డింగ్ చేతిపనే. అందుచేత ఆ పనివాని జీవితాన్ని ఒకమారు తెలుసుకోవడం ఉచితం.

ఉన్ని లోయలో పుట్టుక

బడ్డింగ్ 1796లో ఇంగ్లండు నైరుతి భాగాన, గ్లోస్టర్‌షైర్ జిల్లాలో, స్ట్రౌడ్ పట్టణానికి చేరువలోని ఈస్టింగ్టన్ గ్రామంలో జన్మించాడు. పెరిగింది సేద్యపు కుటుంబాల నడుమ. అయితే ఆ ప్రాంతంలో నాగలి కన్న మగ్గానిదే పెద్దపేరు. స్ట్రౌడ్ చుట్టూ కొండల నడుమ ఇరుకైన లోయలున్నాయి. వాటిలో వేగంగా పారే వాగులున్నాయి. ఆ వాగుల మీద నీటిచక్రాలు కట్టి, వాటి బలంతో ఉన్ని బట్టల మిల్లులు నడిపేవారు. బ్రిటిష్ సిపాయిలు తొడిగే ఎర్రకోటుల బట్ట అక్కడ నేసి, అక్కడే అద్దకం వేసినదే. ఈస్టిండియా కంపెనీ కూడా ఆ బట్టను కొని తూర్పు దేశాలకు ఓడలలో పంపేది. బిలియర్డ్సు బల్ల మీద పరిచే పచ్చని బట్టకూ ఆ లోయ ప్రసిద్ధి.

బడ్డింగ్ మొదట వడ్రంగం నేర్చుకొన్నాడు. కొయ్యతో చేయి కుదిరిన తరువాత ఆయన మనస్సు ఇనుము వైపు తిరిగింది. ఇనుప పోత కార్ఖానాలలో పనికి కుదిరి, క్రమంగా మిల్లు యంత్రాలను బాగు చేసే మేస్త్రీగా పేరు తెచ్చుకొన్నాడు. ఒకే యజమాని దగ్గర కట్టుబడి ఉండక, పిలిచిన మిల్లుకు వెళ్ళి మరమ్మతు చేసి వచ్చేవాడు. ఈ తిరుగుడు వలన ఆయనకు ఒక మేలు కలిగింది. ఒక మిల్లులో చూచిన ఉపాయం మరొక చోట దేనికి పనికివస్తుందో పోల్చి చూచుకొనే కన్ను అబ్బింది. ఆయన పలు గొట్టాలున్న పిస్తోలు ఒకటి కూడ రూపొందించాడు. ఆయన చేతిలో పడిన ఏ వస్తువూ ఉన్నది ఉన్నట్లుగా ఉండేది కాదనడానికి అదొక నిదర్శనం.

బట్ట మీది నూగు, నేల మీది గడ్డి

బడ్డింగ్ ఆలోచనకు మూలం ఏమిటో తెలియాలంటే ఉన్ని బట్ట తయారయ్యే తీరు కొంత తెలియాలి. మగ్గం మీది నుంచి దిగిన ఉన్ని బట్టను నీళ్ళలో దట్టించి గట్టిపరుస్తారు. తరువాత ఎండిన ముళ్ళకాయలతో దువ్వి, దారాలలోని పోగులను పైకి లేపుతారు. అప్పుడు బట్ట మీద ఎగుడుదిగుడుగా నూగు లేస్తుంది. ఆ నూగును సమంగా కత్తిరిస్తేనే బట్ట నునుపు తేలి, పట్టువలె మెరుస్తుంది. పూర్వం ఈ పనిని బారెడు కత్తెరలతో చేతిపనివాళ్ళు చేసేవారు. అది ఎంతో బలమూ నేర్పూ కావలసిన పని. కత్తెర ఏమాత్రం జారినా బట్ట చెడిపోతుంది.

ఈ పనికి యంత్రాలు వచ్చినప్పుడు కత్తెర పనివాళ్ళు ఊరక ఉండలేదు. పొరుగున ఉన్న విల్ట్‌షైర్ జిల్లాలో 1802లో వారు మిల్లుల మీద దాడులు చేశారు. అయినా యంత్రాల రాక ఆగలేదు. స్ట్రౌడ్ లోయలోనే బ్రింస్కూమ్ అనే చోట మిల్లు నడిపే జాన్ లూయిస్ 1815లో కొత్తరకం కత్తిరింపు యంత్రానికి పేటెంట్ పొందాడు. అందులో ఒక స్తూపం చుట్టూ మెలికలు తిరిగిన కత్తులు బిగించి ఉంటాయి. స్తూపం తిరిగేటప్పుడు ఆ కత్తులు, కదలకుండా బిగించిన మరొక కత్తి అంచును రాసుకుంటూ పోతాయి. ఆ రెండు అంచుల నడుమ చిక్కిన నూగు కత్తెరలో పడినట్లు తెగిపోతుంది.

ఇటువంటి యంత్రాన్ని ఆ ప్రాంతంలో పని చేసే మేస్త్రీలు ఎందరో చూచారు. బట్ట మీది నూగుకు, నేల మీది గడ్డికి పోలిక ఉందని గ్రహించినవాడు బడ్డింగ్. బట్ట యంత్రం కిందికి వస్తుంది. నేలను అలా తేలేము గనుక యంత్రమే నేల మీదికి పోవాలి. బట్ట యంత్రానికి వాగునీటి బలం ఉంది. తోటలో నీటిచక్రం ఉండదు గనుక మనిషి తోపుడే దానికి బలం కావాలి. ఈ రెండు చిక్కులను విప్పడమే ఆయన చేసిన ఘనకార్యం.

పచ్చికకు ముందున్న కష్టం

ఆనాడు ఇంగ్లండులోని పెద్ద తోటలలో పచ్చికను పొడవాటి పిడి గల పెద్ద కొడవళ్ళతో కోసేవారు. మన కొడవలి పట్టినవారు వంగి కూర్చుంటారు. వారు నిలబడి, రెండు చేతులతో ఆ కొడవలిని అర్ధచంద్రాకారంగా విసురుతూ ముందుకు నడిచేవారు. గడ్డి పరక మంచుతో తడిసి బిరుసుగా నిలిచి ఉన్నప్పుడే కొడవలికి చక్కగా తెగుతుంది. కనుక కోతగాళ్ళు చీకటితోనే పనిలోకి దిగేవారు. వారి వెనుక చీపుళ్ళతో ఊడ్చేవారు, ఎత్తిపోసేవారు నడిచేవారు. ఎంత నేర్పరి కోసినా కొడవలి తిరిగిన చోట వంపుల జాడ మిగిలేది. ఇంత మంది కూలీలను భరించగలవారికే పచ్చిక దక్కేది. తక్కినవారు గొర్రెలను మేపి తృప్తి పడేవారు.

ఫీనిక్స్ కార్ఖానా

ఆలోచన ఉన్నంత మాత్రాన యంత్రం కాదు. ఇనుము కావాలి, కొలిమి కావాలి, పెట్టుబడి కావాలి. ఆనాడు ఇంగ్లండులో పేటెంట్ పొందడమే ఒక పెద్ద ఖర్చు. ఒక్క ఇంగ్లండు వరకే నూరు పౌన్లకు పైగా అయ్యేది. చేతిపని మీద బ్రతికేవానికి అది అందని పండు. బడ్డింగ్ తన ఉపాయాన్ని జాన్ ఫెరబీ అనే కార్ఖానాదారు ముందు పెట్టాడు. ఫెరబీ స్ట్రౌడ్ దగ్గర త్రప్ అనే ఊరిలో ఫీనిక్స్ ఇనుప కార్ఖానా నడిపేవాడు. ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. యంత్రాన్ని సిద్ధం చేయడానికయ్యే ఖర్చును, పేటెంట్ ఖర్చును ఫెరబీ భరించాడు. అందుకు బదులుగా యంత్రాన్ని తయారు చేసే హక్కు, అమ్మే హక్కు, ఇతరులకు అనుమతి ఇచ్చే హక్కు ఆయనకు దక్కాయి.

కొత్త యంత్రాన్ని పరీక్షించేటప్పుడు ఇరుగుపొరుగు కంట పడకుండా బడ్డింగ్ రాత్రివేళ దానిని నడిపేవాడని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకొంటారు. ఎవరైనా చూచి ఉపాయాన్ని కాజేస్తారన్న భయం ఒకటి. నడిరేయి పచ్చిక మీద ఇనుప చట్రం తోసే మనిషిని చూచి వెర్రివాడనుకొంటారన్న సంకోచం మరొకటి. 1830 ఆగస్టు 31న బడ్డింగ్ పేరిట పేటెంట్ మంజూరయింది. బట్టను కత్తిరించే పద్ధతిని పచ్చికకు అన్వయించడమే అందులోని సారాంశం. ధనవంతులు కూడా ఈ యంత్రాన్ని తామే నడిపితే వినోదం, వ్యాయామం రెండూ కలుగుతాయన్న భావం కూడ ఆ పత్రంలో ఉంది. కూలీ పనిని దొర తానే సరదాగా చేస్తాడని ఊహించడం ఆ కాలానికి ఎంతో సాహసం.

యంత్రం నడిచే తీరు

బడ్డింగ్ మొదటి యంత్రం 19 అంగుళాల వెడల్పున గడ్డిని కోసేది. చట్రం దుక్క ఇనుముతో చేసినది. వెనుక పెద్ద రోలరు, ముందు కత్తుల స్తూపం. మనిషి వెనుక నుంచి తోస్తే రోలరు నేల మీద దొర్లుతుంది. ఆ దొర్లుడు పోత ఇనుప పళ్ళ చక్రాల ద్వారా కత్తుల స్తూపానికి చేరుతుంది. రోలరు ఒక్క చుట్టు తిరిగేసరికి కత్తుల స్తూపం 16 చుట్లు తిరుగుతుంది. మనిషి నిదానంగా నడిచినా కత్తులు వేగంగా తిరగడంలోని రహస్యం ఇదే. పెద్ద రోలరుకు, కత్తులకు నడుమ మరొక చిన్న రోలరు ఉంది. దానిని పైకి కిందికి జరిపి, గడ్డి ఎంత ఎత్తు మిగలాలో నిర్ణయించుకొనవచ్చు. తెగిన గడ్డి ముందున్న తొట్టిలోకి ఎగిరి పడుతుంది. ఊడ్చే పని కూడ తప్పింది.

అయితే ఆ యంత్రం మోయలేనంత బరువు. పళ్ళ చక్రాల రొద చెవులు గింగురుమనిపించేది. ఒక్కరు తోయడం కష్టమని త్వరలోనే తెలిసి, ముందు కూడ ఒక పిడి అమర్చారు. వెనుక ఒకరు తోస్తే, ముందు ఒకరు లాగేవారు. కాడికి ఒక ఎద్దే ఉన్న రైతు పొరుగువాని ఎద్దును కలుపుకొని దున్నినట్లే అయింది.

తొలి యంత్రాలలో ఒకటి లండన్‌లోని రీజెంట్స్ పార్కు జంతుశాల తోటకు చేరింది. ఆక్స్‌ఫర్డ్ కళాశాలల పచ్చికల మీదికీ ఈ యంత్రాలు వెళ్ళాయి. ఇద్దరు మనుషులు ఈ యంత్రంతో, కొడవళ్ళు చీపుళ్ళు పట్టిన ఆరుగురు ఎనిమిదిమంది చేసే పనిని చేయగలుగుతున్నారని జంతుశాల తోటపని పెద్ద సాక్ష్యమిచ్చాడు. ఈ లెక్కను రెండు వైపుల నుంచి చూడవలసి ఉంటుంది. తోట యజమానికి అది నాలుగైదు కూలీల ఆదా. తెల్లవారుజామున కొడవలి భుజాన వేసుకొని వచ్చే కోతగానికి అది వేరే పని వెదుక్కొనవలసిన కబురు. వరికోత యంత్రం మన పొలాల్లోకి దిగిన ఏడాది గుర్తున్నవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. బట్ట కత్తిరింపు యంత్రం వలన కత్తెర పనివాళ్ళకు ఏమి జరిగిందో, దాని బిడ్డ వంటి ఈ యంత్రం వలన కోతగాళ్ళకూ కాలక్రమంలో అదే జరిగింది.

డర్స్లీలో చివరి సంవత్సరాలు

1832లో ఇప్స్‌విచ్ పట్టణంలోని రాన్సమ్ సంస్థ ఈ యంత్రాన్ని తయారు చేయడానికి అనుమతి తీసుకొంది. నాగళ్ళ తయారీలో అప్పటికే పేరున్న సంస్థ అది. అనంతర కాలంలో గడ్డికోత యంత్రాల లోకంలో రాన్సమ్ పేరు మారుమ్రోగింది. బడ్డింగ్ పేరు మాత్రం యంత్రం మీది నుంచి మెల్లగా చెరిగిపోయింది.

బడ్డింగ్ స్ట్రౌడ్ విడిచి సమీపంలోని డర్స్లీ పట్టణానికి మారాడు. అక్కడ జార్జ్ లిస్టర్ అనే యంత్రాల తయారీదారుతో కలిసి, ఉన్ని ఏకే యంత్రాలను మెరుగుపరచే పనిలో నిమగ్నుడయ్యాడు. మర సాయంతో నోరు పెద్దదీ చిన్నదీ చేసుకొనగల పానాను ఆయన 1842లో రూపొందించాడని చెబుతారు. అదే ప్రాంతంలో పని చేసిన రిచర్డ్ క్లైబర్న్ పేరు కూడ ఈ పానా విషయంలో వినిపిస్తుంది. ఒకే లోయలో, ఒకే కాలంలో, ఒకే రకం చిక్కుతో సతమతమైన పనివాళ్ళకు ఒకే ఉపాయం తోచడంలో ఆశ్చర్యం లేదు. నేడు మన ఊరి మోటారు షెడ్డులో ఏ సైజు నట్టుకైనా సరిపోయే పానా ఉందంటే, దాని వంశవృక్షంలో ఆ లోయ మేస్త్రీలున్నారు.

ఇక్కడ మరొక సంగతి చెప్పుకోవాలి. జార్జ్ లిస్టర్ కుమారుడు రాబర్ట్ ఆష్టన్ లిస్టర్ 1867లో డర్స్లీలోనే తన సొంత సంస్థను స్థాపించాడు. ఆ సంస్థ తరువాతి కాలంలో చేసిన నిదానంగా తిరిగే డీజిల్ ఇంజన్లు లోకమంతా ప్రసిద్ధి చెందాయి. వాటి నమూనాలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ కార్ఖానాలు చేసిన ఇంజన్లు మన దేశపు పల్లెలకు వచ్చి, బావులలో నీళ్ళు తోడాయి, పిండిమరలు తిప్పాయి. కరెంటు రాని రోజుల్లో టుకుటుకుమంటూ పొలానికి నీరు పెట్టిన ఆ ఆయిలింజన్ల పుట్టిల్లు, బడ్డింగ్ చివరి రోజులు గడిపిన ఊరే.

1846లో బడ్డింగ్ పక్షవాతం వంటి హఠాత్ జబ్బుతో కన్ను మూశాడు. అప్పటికి ఆయనకు సుమారు యాభై ఏళ్ళు. ఆనాటి చట్టం ప్రకారం పేటెంట్ గడువు 14 సంవత్సరాలు. అంటే 1844తోనే ఆయన పేటెంట్ కాలం తీరిపోయింది. గడ్డికోత యంత్రం అసలైన గిరాకీ చూచినది ఆ తరువాతనే. చెట్టు నాటినవాడు పోయాక కాపు మొదలైంది.

ఆయన చూడని వైభవం

1840ల ప్రారంభంలోనే స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ షాంక్స్ గుర్రం చేత లాగించే పెద్ద యంత్రం చేశాడు. పచ్చిక మీద గిట్టల గుర్తులు పడకుండా ఆ గుర్రాలకు తోలు జోళ్ళు తొడిగేవారు. 1859లో లీడ్స్ నగరానికి చెందిన థామస్ గ్రీన్, పళ్ళ చక్రాలకు బదులు గొలుసు పెట్టి రొదను తగ్గించాడు. మౌనంగా కోసేది అనే అర్థంలో దానికి లాటిన్ పేరు పెట్టాడు. 1890లలో ఆవిరి యంత్రాలు, 1902లో రాన్సమ్ వారి పెట్రోలు యంత్రం వచ్చాయి.

యంత్రం వచ్చాక నునుపైన నేల చౌకైంది. నునుపైన నేల చౌకయ్యాక దాని మీద ఆడే ఆటలు పెరిగాయి. 1874లో లాన్ టెన్నిస్‌కు పేటెంట్ వెలువడింది. 1877లో వింబుల్డన్ పోటీలు మొదలయ్యాయి. క్రికెట్‌కు పుట్టినిల్లు వంటి లార్డ్స్ మైదానంలో ఒకప్పుడు గొర్రెలను వదలి గడ్డిని మేపించేవారు. నేడు మన పిల్లలు టీవీలో చూచే మైదానం మీది లేత పచ్చ, ముదురు పచ్చ చారలు రోలరు ఉన్న యంత్రం గడ్డిని ఒకమారు అటు, ఒకమారు ఇటు వంచడం వలన ఏర్పడేవే.

విద్యుత్తు తోడైన వేళ

బడ్డింగ్ పేటెంట్‌కు ఏడాది తిరగడానికి రెండు రోజుల ముందు, 1831 ఆగస్టు 29న, లండన్‌లో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. ఇద్దరూ పనివాళ్ళ తరగతి నుంచి వచ్చినవారే. ఒకరు బైండింగు పని నేర్చినవాడు, మరొకరు వడ్రంగం నేర్చినవాడు. ఒకరి కనుగోలు నుంచి మోటారు ఎదిగింది, మరొకరి కనుగోలు నుంచి కోత యంత్రం ఎదిగింది. ఈ రెండూ కలవడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. 1926లో రాన్సమ్ సంస్థ విద్యుత్ మోటారుతో నడిచే గడ్డికోత యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. బ్రిటన్‌లో దేశమంతటికీ ఒకే విద్యుత్ వలను అల్లడానికి చట్టం చేసినదీ ఆ ఏడాదే. అంతకు ముందు అక్కడ ఊరికొక వోల్టేజీ. ఒక చోట ఏసీ, మరొక చోట డీసీ.

1960ల తరువాత తేలికైన విద్యుత్ యంత్రాలు మధ్యతరగతి ఇళ్ళలో సర్వసాధారణమయ్యాయి. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 1969 చివరలో ఎలెక్‌ట్రాక్ అనే చిన్న బ్యాటరీ ట్రాక్టరును తెచ్చింది. 6 వోల్టుల బ్యాటరీలు ఆరు కలిపి, 36 వోల్టులతో అది నడిచేది. అడుగున బిగించిన కత్తులతో గడ్డి కోసేది. 1970ల నడుమ ఆ సంస్థ ఆ వ్యాపారాన్ని విడిచిపెట్టింది. కాని ఆ ట్రాక్టర్లను కొత్త బ్యాటరీలు వేసి నేటికీ నడిపేవారు ఉన్నారు.

పాత యంత్రాన్ని బ్రతికించేవారు

బ్రిటన్‌లో పాత గడ్డికోత యంత్రాల అభిమానుల సంఘం ఒకటి 1990లో ఏర్పడింది. సౌత్‌పోర్ట్ పట్టణంలో ఈ యంత్రాలకే ఒక ప్రదర్శనశాల ఉంది. ఈ అభిమానులలో కొందరికి పెట్రోలు యంత్రాలంటే మక్కువ. కొందరికి విద్యుత్ యంత్రాలంటే మక్కువ. పొగ లేదు, రొద తక్కువ, మోటారు బాగుంటే అరవై ఏళ్ళ యంత్రమైనా మీట నొక్కగానే లేచి కూర్చుంటుంది.

అయితే పాత విద్యుత్ యంత్రాన్ని తెచ్చిన రోజే ప్లగ్గులో పెట్టకూడదు. తెలిసినవారు పాటించే క్రమం ఒకటుంది. మొదట రేకు పలక మీది అక్షరాలు చదివి, అది ఏ వోల్టేజీకి చేసినదో, ఏసీకా డీసీకా అన్నది తేల్చుకొంటారు. పిమ్మట తీగలు చూస్తారు. పాత రబ్బరు తొడుగు ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసై, వంచితే పొడిగా రాలిపోతుంది. అటువంటి తీగను పూర్తిగా తీసివేసి కొత్తది వేయవలసిందే. ఆనాటి యంత్రాలకు ఇనుప శరీరం, ఇనుప పిడి ఉంటాయి. ఎర్తు లేకుండా వాటిని తాకడం ప్రాణంతో చెలగాటం. అందుకే ఎర్తును పరీక్షించి, కరెంటు కారిన క్షణంలోనే సరఫరాను తెంపే రక్షణ మీటను గోడ దగ్గర అమర్చుకొని గాని నడపరు. తడి గడ్డి మీదికి వెళ్ళరు. కత్తుల వద్దకు చేయి పోవలసి వస్తే ముందుగా ప్లగ్గు పీకుతారు. బ్రష్షులున్న మోటారైతే అరిగిన కార్బన్లు మారుస్తారు. వైండింగు కాలిందా లేదా చూస్తారు. బోరు మోటారు కాలినప్పుడు మన మెకానిక్కు చేసే పనికి, వారు చేసే పనికి పెద్ద తేడా లేదు.

చివరిగా కత్తుల వంతు. స్తూపం మీది కత్తికి, కింద కదలని కత్తికి నడుమ సందు సరిగా ఉన్నదా లేదా తెలుసుకొనడానికి వారు ఒక కాగితపు ముక్కను ఆ రెంటి నడుమ పెట్టి, స్తూపాన్ని జాగ్రత్తగా తిప్పుతారు. కాగితం కత్తెరతో కోసినట్లు తెగితే యంత్రం సిద్ధమైనట్లు. నలిగితే మరలు బిగించి మళ్ళీ చూస్తారు. స్తూపం లేక, అడుగున పంకావలె గిర్రున తిరిగే కత్తి గల యంత్రాలు కూడ ఉన్నాయి. అవి గడ్డిని వేగంతో కొట్టి తెంపుతాయి. బడ్డింగ్ పద్ధతి మాత్రం కత్తెర పద్ధతి. పరక చివర చీలకుండా తెగుతుంది గనుక, మేలైన పచ్చికలకు నేటికీ ఆ పద్ధతినే ఎంచుకొంటారు. మోటారు మారింది, తీగ వచ్చింది, బ్యాటరీ వచ్చింది. ఆ రెండు అంచుల నడుమ సందు మాత్రం 1830లో స్ట్రౌడ్ మేస్త్రీ సరిచూచినట్లే నేడూ సరిచూడవలసి వస్తున్నది.

ఒక మేస్త్రీ మిగిల్చినది

బడ్డింగ్ గొప్ప చదువరి కాడు, ధనవంతుడు కాడు. ఆయన పేరిట సంస్థ నిలువలేదు. ఆయన యంత్రంతో వ్యాపారం పెంచుకొన్నవారు వేరు, పేరు పొందినవారు వేరు. అయినా ఆయన కాలపు యంత్రాలు కొన్ని నేటికీ లండన్ సైన్సు ప్రదర్శనశాల వంటి చోట్ల భద్రంగా ఉన్నాయి. ఆయన పని చేసిన ఉన్ని మిల్లులలో అనేకం మూతపడ్డాయి. ఒక మిల్లులో ఆయన గమనించి పట్టుకొన్న కదలిక మాత్రం ఖండాలు దాటి తిరుగుతూనే ఉంది.

మన ఇళ్ళ వెనుక పాకలలో కూడ తాతల నాటి వస్తువులు పడి ఉంటాయి. తుప్పు పట్టిన ఆయిలింజను, వైండింగు కాలిన మోటారు, పళ్ళు అరిగిన పానా. పాత సామాను కొనేవాడు కేక వేయగానే కిలోల లెక్కన తూచి ఇచ్చివేసే ముందు, దాని మీది రేకు పలకను ఒకమారు తుడిచి చదవండి. ఏ ఊరిలో చేసినదో, ఏ ఏట చేసినదో పిల్లలకు చూపించండి. దానిని తిప్పిన పెద్దలు ఇంట ఉంటే, అది ఎలా నడిచేదో వారి చేత చెప్పించండి. యంత్రాన్ని నిలుపుకోవడం అందరికీ కుదరకపోవచ్చు. దాని వెనుక ఉన్న మనిషి పనితనాన్ని గుర్తుంచుకోవడానికి మాత్రం పాకలో చోటు అక్కరలేదు.